హానికర వ్యర్థములు

'వ్యర్థము' అనే మాటకు ఓరియంటల్ కళాశాలలో మా గురువుగారు చెప్పిన విగ్రహవాక్యం నాకిప్పటికీ గుర్తున్నది. విగతమైన అర్థము కలది వ్యర్థము. అర్థమంటే ఇక్కడ ప్రయోజనం. ప్రయోజనం తొలగిపోయినది ఏదైనా వ్యర్థమే. ఉద్యోగ విరమణ చేసిన కొత్తలో ఈ విగ్రహవాక్యాన్ని నాకు నేనే అన్వయించుకుని నవ్వుకునేవాడిని. ఆ మాటను గురించి నిజంగా ఆలోచించవలసిన రోజు మరికొంత కాలానికి వచ్చింది. ఆ సంగతి రాయాలా, వద్దా అని చాలా రోజులు తటపటాయించాను. రాయకపోతే నేను నేర్చుకున్నది నాతోనే ఉండిపోతుంది గనుక రాస్తున్నాను.

మన భాషలో పారవేసే వస్తువులకు ఎన్ని పేర్లున్నాయో చూడండి. ఇల్లూడిస్తే వచ్చేది కసవు. నోరు తగిలినది ఎంగిలి. బియ్యం కడిగిన నీళ్లూ, కూరగాయల తొక్కలూ, మిగిలిన గంజీ కలిస్తే కుడితి. దేవుడికి పెట్టి తీసినది నిర్మాల్యం. పశువుల కొట్టం నుండి తీసి పోగువేసినది పెంట. ఈ పెంట అనే మాట వినగానే ఇప్పటివాళ్లు ముక్కు మూసుకుంటారు గాని, నల్లమలలో చెంచుల గూడేలను పెంటలనే అంటారు. పేరు వేరైతే పోవలసిన చోటు కూడా వేరని అర్థం. కుడితి గేదెకు, పెంట పొలానికి, నిర్మాల్యం ఎవరి కాలూ తగలని చెట్టు మొదటికి. పూర్వులు వేరుచేయటం కోసం ప్రత్యేకంగా ఏ ఉద్యమమూ నడపలేదు. మాటలే వాళ్లకు బుట్టలు.

మాది దివిసీమలో ఒక చిన్న ఊరు. మా పెరట్లో కుడితి గోలెం ఒకటి, దొడ్డి చివర పెంటపోగు ఒకటి ఉండేవి. వేసవిలో ఆ పోగును తవ్వి బండ్లమీద పొలానికి తోలేవారు. చిరిగిన చీరలు బొంతలయ్యేవి. ఇనుపముక్కలు తీసుకుని ఉల్లిపాయలు ఇచ్చేవాడొకడు వీధిలో కేకవేసుకుంటూ వచ్చేవాడు. భోజనం చేసిన విస్తరాకులు పోగులో పడి నాలుగు వానలకు మన్నయ్యేవి. కుళ్లని వస్తువు, గుచ్చుకునే వస్తువు ఇంట్లో అరుదు. మా నాన్నగారు గడ్డం గీసుకున్న పాత బ్లేడును మాత్రం పెంటపోగులో వేసేవారు కారు. దానిని కాగితంలో మడిచి, నిచ్చెన వేసుకుని, చూరులోకి దోపేవారు. "ఎందుకు నాన్నా అంత పైన?" అని ఒకసారి అడిగాను. "గొడ్డు నోట పడకూడదు, పాలేరు కాలికి తగలకూడదు" అన్నారు. అంతకు మించి ఆయన ఏమీ చెప్పలేదు. నేనూ దానిని జ్ఞాపకం పెట్టుకోవలసినంతగా పెట్టుకోలేదు.

పదవీ విరమణ తరువాత 2018లో మా దంపతులం విజయవాడ వచ్చి ఒక అపార్టుమెంటులో చేరాము. అయిదంతస్తులు, ఇరవై ఇళ్లు, కింద సెల్లారు, సెల్లారు మూలన ఒక గది. ఆ గదిలో వాచ్‌మన్ కుటుంబం. శ్రీకాకుళం ప్రాంతం నుండి వలస వచ్చినవాళ్లు. భర్త మోటారు వేయటం, గేటు దగ్గర కూర్చోవటం, కార్లు తుడవటం చేస్తాడు. ఇరవై ఇళ్ల చెత్తా ఎత్తేది భార్య. పొద్దున్నే ప్రతి గుమ్మం ముందూ ఒక నల్ల కవరు ఉంటుంది. వాటిని రెండు పెద్ద డ్రమ్ములలో వేసుకుని కిందకు దింపుతుంది. సెల్లారులో ఒక పాత ఫ్లెక్సీ బ్యానరు పరిచి, దాని మీద ఆ కవర్లన్నీ విప్పుతుంది. పాలకవర్లు, అట్టపెట్టెలు, నీళ్లసీసాలు, వార్తాపత్రికలు వేరుచేసి మూటకట్టుకుంటుంది. మిగిలినది కార్పొరేషను బండికి ఇస్తుంది. మూటలు వారానికొకసారి పాత సామాన్ల కొట్టుకు పోతాయి. ఆ వచ్చే డబ్బు వాళ్ల జీతంలో లేని జీతం.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మనం గుమ్మం బయట కవరు పెట్టి తలుపు మూయగానే మనకు ఆ చెత్తతో ఋణం తీరినట్టు భావిస్తాం. పల్లెలో నా పెంటపోగు నా కంటి ఎదుటే ఉండేది, దాని వాసన నేనే భరించేవాడిని. అపార్టుమెంటులో వాసన మరొకరి వాటా అయింది. ఇరవై కుటుంబాలు ఒకే మెట్లు ఎక్కుతున్నాయి, ఒకే ట్యాంకు నీళ్లు తాగుతున్నాయి. కాని చెత్త దగ్గరకు వచ్చేసరికి ఎవరి చెత్త ఎవరిదో తెలియకుండా కలిసిపోవటమే అందరికీ సదుపాయంగా తోస్తుంది. అనామకంగా ఉండటంలో ఎంత సుఖమున్నదో నేను తరువాత బాగా తెలుసుకున్నాను.

చట్టం ఈ సదుపాయాన్ని ఒప్పుకోలేదు. 2000లోనే పురపాలక ఘనవ్యర్థాల నిబంధనలు వచ్చాయి. అల్మిత్రా పటేల్ అనే ఆమె 1996లో సుప్రీంకోర్టులో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం వాటి వెనుక ఉన్నది. వాటి స్థానంలో 2016లో వచ్చిన నిబంధనలు ప్రతి ఇల్లూ చెత్తను మూడుగా విడదీయాలన్నాయి: కుళ్లేది, కుళ్లనిది, ఇంట్లో పుట్టే ప్రమాదకరమైనది. అయిదువేల చదరపు మీటర్లు దాటిన గేటెడ్ సముదాయాలకు మరికొన్ని బాధ్యతలు పెట్టాయి. మా భవనం అంత పెద్దది కాదు. అయినా విడదీయవలసిన విధి ఒక్కొక్క గృహస్థుది గనుక అది మాకూ వర్తించేదే. మూడవ రకం కింద ఏమేమి వస్తాయో అందులో పేర్లతో సహా ఉన్నది. పెయింటు డబ్బాలు, పురుగుమందు డబ్బాలు, ట్యూబులైట్లు, కాలం తీరిన మందులు, పగిలిన థర్మామీటర్లు, పాత బ్యాటరీలు, వాడిన సూదులు, సిరంజీలు. ఆ జాబితా నేను చదివాను. చదవలేదని చెప్పుకునే అవకాశం నాకు లేదు.

2021 అక్టోబరు 2న విజయవాడలోనే జగనన్న స్వచ్ఛ సంకల్పం పేరిట క్లాప్ కార్యక్రమం ప్రారంభమైంది. ఇంటింటికీ ఆకుపచ్చ, నీలం, ఎరుపు రంగుల బుట్టలు మూడు పంచే పథకం. దానితోపాటే నెలనెలా రుసుము కూడా వచ్చింది. జనం దానిని చెత్తపన్ను అన్నారు. 2024లో అది రద్దయింది గాని, ఉన్నన్నాళ్లూ మా అసోసియేషను సమావేశాలలో దానిమీద జరిగినంత చర్చ మరి దేనిమీదా జరగలేదు. "పన్ను కడుతున్నాం కదా, వేరుచేసుకోవటం వాళ్ల పని" అనేది ఒక వాదం. "మనం వేరుచేసినా బండిలో అన్నీ కలిపేస్తారు, ఎందుకొచ్చిన శ్రమ" అనేది రెండవ వాదం. ఎరుపు బుట్టలో చాలామంది బట్టల క్లిప్పులు వేసుకున్నారు. మా ఇంట్లో ఉల్లిపాయలు పోశాం.

అప్పుడు నాలోని ఉపాధ్యాయుడు మేల్కొన్నాడు. ఈ అజ్ఞానాన్ని పోగొట్టవలసిన బాధ్యత నాదే అనుకుని, చక్కని దస్తూరితో ఒక ప్రకటన రాసి లిఫ్టు పక్కన అంటించాను. "గృహస్థులకు విజ్ఞప్తి. జీర్ణశీల వ్యర్థములు, అజీర్ణ వ్యర్థములు, హానికర వ్యర్థములు అను త్రివిధ వ్యర్థములను వేర్వేరు పాత్రలయందు నిక్షేపించవలసినదిగా ప్రార్థన." మూడవ అంతస్తులో ఉండే, బ్యాంకు ఉద్యోగం చేసి విరమించిన మిత్రుడొకరు దానిని చదివి, "మాస్టారూ, ప్రతిపదార్థం కూడా రాసి పెట్టండి, పుణ్యముంటుంది" అన్నారు. నలుగురూ నవ్వారు, నేనూ నవ్వాను. లోపల మాత్రం నా వాక్యం నాకు ముద్దుగానే ఉన్నది. వాచ్‌మన్ కూతురు అప్పుడు ఆరో తరగతి. సాయంత్రాలు నా దగ్గరకు వచ్చి తెలుగు చదువుకునేది. ఆ పిల్ల కూడా, "హానికర అంటే ఏటండి?" అని అడిగింది. "హాని కలిగించునది" అన్నాను. మళ్లీ అడగలేదు.

2023 ఆగస్టులో వరలక్ష్మీవ్రతం వచ్చింది. ఆ రోజు మా ఇంటికి పేరంటాళ్లు చాలామంది వచ్చారు. నాకు చాలా ఏళ్లుగా మధుమేహం, రాత్రి భోజనానికి ముందు ఇన్సులిన్ తీసుకుంటాను. పెన్నులాంటి సాధనం, దాని కొసకు బిగించే చిన్న సూది. చర్మంలోకి దిగేది నాలుగు మిల్లీమీటర్లే. దాని వెనుకవైపు కూడా ఒక మొన ఉంటుంది, అది మందు గొట్టంలోకి దిగేది. పెన్ను నుండి ఊడదీసినప్పుడు రెండు కొసలూ వాడిగానే ఉంటాయి. రోజూ దానికి మూత పెట్టి చెత్తబుట్టలో వేసేవాడిని. మూత ఉన్నది గదా, అదే పదివేలు అనుకునేవాడిని. ఆ రాత్రి హడావిడిలో మూత చేయిజారి ఎక్కడికో దొర్లిపోయింది. వెతికే ఓపిక లేక, సూదిని ఒక కాగితపు రుమాలులో చుట్టి, ప్రసాదం తిన్న కాగితపు పళ్లేలతోపాటు కవరులో పడేశాను. పువ్వులు, తమలపాకులు, అరటి డొప్పలు, శనగలు, ఆ సూది, అన్నీ కలిసి ఒక నల్ల కవరై రాత్రికి గుమ్మం బయటకు చేరాయి.

మరునాడు పొద్దున్న తొమ్మిదింటికి సెల్లారులో గలభా వినబడి కిందకు దిగాను. వాచ్‌మన్ భార్య కుడిచేతి చూపుడువేలు పట్టుకుని కుళాయి కింద పెట్టి ఉన్నది. ఎర్రటి నీళ్లు పారుతున్నాయి. "ఏటో గుచ్చీసిందండి, మాస్టారూ" అన్నది. ఫ్లెక్సీ మీద అన్ని ఇళ్ల కవర్లూ విప్పి ఉన్నాయి. ఆమె భర్త ఒక కాగితం మీద పెట్టి ఆ సూది చూపించాడు. దానిని చూడగానే నాకు తెలిసిపోయింది.

ఆ క్షణంలో నేను "ఇది మాది" అని ఉండవలసినది. "ఆసుపత్రికి తీసుకువెళ్లండి, ఆలస్యం చేయకండి" అన్నాను. ఆటోకు డబ్బులు కూడా ఇచ్చాను. ఆ డబ్బు ఇవ్వటం నాకప్పుడు ఎంతో ఊరటగా అనిపించింది.

మధ్యాహ్నానికి తిరిగి వచ్చారు. ధనుర్వాతానికి ఇంజెక్షను వేశారు, హెపటైటిస్ బి టీకా మొదలుపెట్టారు, రక్తపరీక్షకు తీశారు. వాడిన సూది గుచ్చుకుంటే హెపటైటిస్ బి, సి, హెచ్.ఐ.వి. సోకే అవకాశం ఉంటుంది. హెచ్.ఐ.వి. సోకకుండా ఇచ్చే మందు వీలైనంత త్వరగా, ఎటుచూసినా 72 గంటలలోపల మొదలుపెట్టి, 28 రోజులు వాడాలి. ఆ సూది వాడిన మనిషి ఎవరో తెలిసి, వారికి జబ్బు లేదని పరీక్షలో తేలితే మందు ఆపేయవచ్చు. తెలియకపోతే మందు వాడుతూ, నెలల తరబడి మళ్లీ మళ్లీ పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. డాక్టరుగారు ఆమెను అడిగిన మొదటి ప్రశ్న, "సూది ఎవరిదో తెలుసా అమ్మా?" అని. ఆమె తెలియదన్నది. మొదటి బిళ్ల అక్కడే మింగించి, మిగిలినవి చేతికిచ్చి పంపారు.

ఆ సాయంత్రం మా ఆవిడ గది ఊడుస్తూ మంచం కింద నుండి సూది మూత తీసింది. నా ముందు బల్లమీద పెట్టింది. "ఏవండీ, అది మనదే కదూ?" అన్నది. నేను, "ఈ భవనంలో ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఇంకా ఉన్నారు" అన్నాను. ఆమె మరేమీ అనలేదు. మూతను అక్కడే ఉంచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆదివారం అసోసియేషను వారు అందరినీ సెల్లారులో సమావేశపరిచారు. కార్యదర్శి విషయం చెప్పి, "ఎవరిదైనా ఫరవాలేదు, చెబితే ఆ అమ్మాయికి మేలు జరుగుతుంది" అని అడిగారు. ఎవరూ మాట్లాడలేదు. కొందరి చూపులు మూడవ అంతస్తు మిత్రుని వైపు తిరిగాయి, ఆయనకూ మధుమేహమని అందరికీ తెలుసు. ఆయన ముఖం ఎర్రబడింది. "మా ఇంట్లో సిరంజీ వాడతాం, పెన్ను కాదు. కావాలంటే వచ్చి చూసుకోండి" అన్నారు. నేను ఆయన పక్కనే ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాను. నాకు ఎదురుగా లిఫ్టు పక్కన నా దస్తూరి. హానికర వ్యర్థములు. వాచ్‌మన్ భార్య గది గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరి ముఖమూ చూస్తున్నది. బిళ్ల వికారానికి ముందురాత్రి అన్నం తినలేదని అప్పుడే ఎవరో చెప్పారు. నేను నోరు విప్పలేదు.

ఎందుకు విప్పలేదో నాకు నేను ఎన్నో కారణాలు చెప్పుకున్నాను. నాకు జబ్బేమీ లేదు గనుక ఆమెకు ప్రమాదమేమీ లేదు గదా అన్నది వాటిలో పెద్దది. ఆ మాట నాకొక్కడికే తెలుసునని, దానివల్ల నా మనసుకు తప్ప ఆమెకు ఉపశమనం లేదని అర్థం చేసుకోవటానికి ఒక రాత్రి పట్టింది. అసలు కారణం సిగ్గు. ముప్పైమూడేళ్లు పిల్లలకు నీతిపద్యాలు చెప్పినవాడిని. ఆ గోడమీద ప్రకటన అంటించినవాడిని. ఆమె కూతురికి పాఠం చెబుతున్నవాడిని. శ్రీరంగనీతులు చెప్పేవాడని అనిపించుకోవటం కంటే ఆమె మరొక రోజు బిళ్ల మింగటమే నాకు తేలికగా తోచింది. ఇంత కంటే మెత్తగా ఈ వాక్యాన్ని రాయలేను.

సోమవారం తెల్లవారుజామున లేచి కిందకు దిగాను. ఆమె అప్పటికే ఫ్లెక్సీ పరిచి ఎడమచేత్తో కవర్లు విప్పుతున్నది. వేలికి కట్టు. "అమ్మా, ఆ సూది నాది" అన్నాను. ఆమె చేయి ఆగింది. కాసేపు నా వైపు చూసి, "మీకు ఆ రోగం లేదు గదండీ?" అన్నది. "లేదనే అనుకుంటున్నానమ్మా. ఇప్పుడే వచ్చి పరీక్ష చేయించుకుంటాను" అన్నాను. ఆమె తల వంచుకుని ఇంకో కవరు ముడి విప్పింది. "ముందే సెప్పుంటే ఆ బిళ్లలు మింగేదాన్ని కాదు గదండీ" అన్నది. కోపంగా అనలేదు, నిజంగా జరిగినది జరిగినట్టు అన్నది. ఆమె భర్త ఏమీ అనకుండా గేటు తీయటానికి వెళ్లిపోయాడు.

ఆ ఉదయమే ఆసుపత్రికి వెళ్లాము. నా రక్తంలో ఆ మూడు జబ్బులలో ఏదీ లేదని తేలింది. బిళ్లలు ఆపేయమన్నారు. హెపటైటిస్ టీకా మిగిలిన మోతాదులు మాత్రం ఎలాగూ మంచిదేనని వేయించుకోమన్నారు. చెత్త వేరుచేసే పని చేసేవాళ్లందరికీ అది ఉండవలసిన టీకా అట. ఇన్నాళ్లూ ఎవరమూ ఆ ఊసే ఎత్తలేదు. ఆమె చేయి పనికిరాని రోజులలో అమ్ముకోలేకపోయిన సామాను విలువ లెక్కకట్టి నేను ఇవ్వబోతే తీసుకున్నది. అది ఆమెకు రావలసినదే. మూడవ అంతస్తు మిత్రుని ఇంటికి వెళ్లి క్షమాపణ చెప్పాను. ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, "నిన్న నా పక్కనే కూర్చున్నారు మాస్టారూ" అన్నారు. తరువాత కాఫీ ఇప్పించారు. మా మధ్య స్నేహం మళ్లీ ఉన్నది. మునుపటి చనువు రావటానికి మాత్రం ఏడాది పట్టింది.

ఆ తరువాతి ఆదివారం సమావేశంలో లేచి జరిగినది అందరికీ చెప్పాను. గోడమీది ప్రకటన నేనే చించివేశాను. కొత్తది ఎలా ఉండాలని వాచ్‌మన్ భార్యనే అడిగాము. ఆమె చెప్పింది, కూతురు రాసింది. "సూదులు, బ్లేడులు, పగిలిన గాజు కవరులో వేయొద్దు. గట్టి డబ్బాలో వేసి మూత పెట్టి అమ్మ చేతికి ఇవ్వండి. పాడ్లు, డైపర్లు పేపరులో చుట్టి ఎర్ర చుక్క పెట్టండి. తినేది ఒక కవరు. తిననిది ఒక కవరు." నా వాక్యానికీ, ఈ వాక్యాలకూ మధ్య భేదం నాకు ఆ రోజు బోధపడింది. నా వాక్యం చెత్తను గురించి చెప్పింది. ఇది చేతిని గురించి చెప్పింది. 'హానికర' అని రాశాను గాని, హాని ఎవరికో నేను రాయలేదు. ఆ పిల్ల అడిగిన ప్రశ్నకు నేను చెప్పిన జవాబులో కూడా అదే లోపించింది.

ఎర్ర చుక్క ఆలోచన మాది కాదు. పుణెలో చెత్త సేకరించేవారే సభ్యులుగా 'స్వచ్ఛ్' అనే సహకార సంఘం ఉన్నది. శానిటరీ వ్యర్థాలను కాగితంలో చుట్టి ఎర్ర చుక్క పెట్టమని ఆ స్త్రీలే నగరవాసులను అడిగారు. పొట్లం విప్పకుండానే లోపల ఏమున్నదో వాళ్లకు తెలియాలని. చదువుకున్నవాళ్లు ఎందరో నియమాలు రాశారు. ఆ చుక్క ఒక్కటీ, చేతులు పెట్టేవాళ్లు అడిగినది. 2026లో వచ్చిన కొత్త ఘనవ్యర్థాల నిబంధనలలో ఏప్రిల్ 1ని అమలు తేదీగా పెట్టి, విభజన నాలుగు రకాలు చేశారు: తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైనవి. 'ప్రత్యేక జాగ్రత్త' అనే మాట నాకు నచ్చింది. అందులో వస్తువు మీద నింద లేదు, మన మీద బాధ్యత ఉన్నది.

ఇప్పుడు మా భవనం ఆదర్శ భవనమైపోయిందని రాయను. ఇరవై ఇళ్లలో నాలుగయిదు ఇప్పటికీ అన్నీ కలిపే పెడతాయి. అద్దెకు కొత్తగా వచ్చినవారికి ప్రతిసారీ మొదటినుండి చెప్పాలి. మేడమీద డ్రమ్ములో ఎరువు చేయబోతే మొదటి నెల దుర్గంధంతో పై అంతస్తువారు యుద్ధానికి వచ్చారు. తొక్కలూ, అన్నమూ మాత్రమే వేసి మూత బిగించాము. గాలి ఆడనప్పుడు అది ఎరువు కాదు, కుళ్లు. ఎండుటాకులు పొరలుగా వేసి, వారానికి రెండుసార్లు కలియబెడితే వాసన పోయిందని తరువాత తెలిసింది. పెంటపోగులో గడ్డీ, పేడా కలిపి వేయటంలో మా పెద్దవాళ్లు పాటించినది అదే సూత్రం. వ్రతాల పువ్వులు ఇప్పుడు ఆ డ్రమ్ములోకే పోతున్నాయి. పూర్వం మా వాళ్లు వాటిని ప్లాస్టిక్ కవరుతో సహా ఏలూరు కాలువ వంతెన మీదనుండి విసిరి, చేతులు జోడించి వచ్చేవారు. నిర్మాల్యం కాలువలో కలిసేది, కవరు మాత్రం తేలుతూ పోయేది.

చేతి తొడుగులు కొనిచ్చాము. ఆమె అరపూటకే తీసేస్తుంది. తడిలో జారతాయి, ముడులు విప్పటానికి రావంటుంది. పైగా తొడుగు సూదిని ఆపలేదు. ఆపవలసినది గుమ్మం లోపలే.

"మనం వేరుచేసినా బండిలో కలిపేస్తారు" అన్న వాదానికి నాకిప్పుడు జవాబు ఉన్నది. కలపవచ్చు, కలపకపోవచ్చు. అది అడగవలసిన చోట మనం అడుగుతూనే ఉండాలి. కాని బండికంటే ముందు ఒక చేయి ఉన్నది. మన కవరు మొదట చేరేది నగరపాలక సంస్థను కాదు, డంపింగ్ యార్డును కాదు, ఆ చేతిని. మనం వేరుచేయటంలో పర్యావరణానికి జరిగే మేలు మెల్లగా, ఎప్పటికో కనబడుతుంది. ఆ చేతికి జరిగే మేలు రేపు పొద్దున్నే.

మా నాన్నగారు నిచ్చెన వేసుకుని బ్లేడును చూరులో ఎందుకు దోపేవారో నాకు అరవై దాటాక తెలిసింది. అపార్టుమెంటుకు చూరు లేదు. అందుకని మందపాటి ప్లాస్టిక్ డబ్బా ఒకటి, బట్టలుతికే ద్రవం వచ్చేది, కడిగి నా మంచం పక్కన పెట్టుకున్నాను. సూది ఊడదీయగానే అందులో పడుతుంది. మూడు వంతులు నిండగానే మూత బిగించి, చుట్టూ టేపు వేసి, పైన 'సూదులు' అని రాసి, నేను చూపించుకునే డాక్టరుగారి క్లినిక్‌లో ఇస్తాను. వాళ్లు తమ ఆసుపత్రి వ్యర్థాలతో పంపుతారు. మూడవ అంతస్తు మిత్రుడూ అలాగే చేస్తున్నారు. ఇద్దరి డబ్బాలూ ఒకేసారి తీసుకువెళ్లటం ఇప్పుడు మా నెలవారీ నడక.

వాచ్‌మన్ కూతురు ఇప్పటికీ సాయంత్రాలు వస్తుంది. విగ్రహవాక్యాలు మొదలుపెట్టాము. వ్యర్థము అనే మాట దగ్గరకు వచ్చినప్పుడు, "మా అమ్మ అందులోంచి డబ్బులు తీస్తాది గదండీ, అర్థం పోలేదు గదా?" అన్నది. వ్యాకరణం ప్రకారం నా దగ్గర జవాబు ఉన్నది గాని చెప్పలేదు.

మీ ఇంట్లో సూది వాడేవారుంటే ఈ రాత్రే ఒక గట్టి డబ్బా పక్కన పెట్టుకోండి. ఇది చదివినందుకు మీరు నాకు చేయగలిగిన ఉపకారం అదే.